బాలుని చేతికి బండి – తండ్రి బాధ్యత



మిరపకాయల టిక్కీలు గుంటూరు యార్డుకు తరలు దినములలో నరసరావుపేట, గురజాల, మాచర్ల రహదారులపై ట్రాక్టర్లకు లెక్క యుండదు. వానిలో కొన్నింటిని నడపువారికి ఇంకను మీసమైన మొలవలేదని నేను గమనించితిని. పదునైదేండ్ల బాలుడు తండ్రి మోటారు సైకిలెక్కి, వెనుక ఇద్దఱు చెలికాండ్రను కూర్చుండబెట్టుకొని బడికి పోవుటయు మనకు క్రొత్త గాదు. "మావాడప్పుడే బండి నేర్చినాడు" అని తండ్రి మురియును. ఆ మురిపెమునకు చట్టము కట్టిన వెల యెంతయో తెలుపుటయే నేటి నా ప్రసంగము.

పదునెనిమిదేండ్లు నిండనివారు బహిరంగ మార్గమున మోటారు బండి నడపరాదను నియమము నిన్న మొన్న పుట్టినది కాదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టములోనే అది యున్నది. దాని స్థానమున వచ్చిన 1988 నాటి చట్టము దానినే నిలిపినది. పదునాఱేండ్లు నిండినవారికి 50 సి.సి. మించని మోటారు సైకిలు మాత్రము, అదియు లైసెన్సుతో, అనుమతింపబడినది. నేడు మన యూళ్లలో తిరుగు మోటారు సైకిళ్లు సాధారణముగా 100 సి.సి.కి తక్కువ కావు. కనుక ఆ మినహాయింపు మనవారికి అక్కఱకు రాదు. చట్టము దృష్టిలో ట్రాక్టరు కూడ మోటారు బండియే.

ఇక తండ్రి మాట. 2019లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి 199-ఎ అను క్రొత్త సెక్షనును చేర్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ నుండి అది అమలులో నున్నది. దాని ప్రకారము మైనరు బాలుడు బండి నడపి నేరము చేసినచో, అతని సంరక్షకుడు గాని, బండి యజమాని గాని దోషిగా నెంచబడును. మూడేండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా అందు చెప్పబడినవి. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. డ్రైవరు పని చేసి బ్రదుకదలచిన పేదవాని బిడ్డకు ఇది చిన్న దెబ్బ గాదు.

"కొడుకు చేసిన తప్పునకు తండ్రికి శిక్షయా? ఇదేమి న్యాయము?" అని కొందఱు పెద్దలు నన్నడిగిరి. ప్రశ్న సమంజసమైనదే. తండ్రియైనంత మాత్రమున కొడుకు చేసిన ప్రతి హానికిని అతడు బాధ్యుడు కాడనుట న్యాయశాస్త్రములో పాత సూత్రము. అయితే ఇచ్చట చట్టము తండ్రి స్వంత తప్పునే పట్టుకొనుచున్నది. గడ్డివామి చెంత పసివాని చేతికి కొఱవి నిచ్చినవానిని మన రచ్చబండయు ఊరక విడువదు గదా. బాలునికి బండి నిచ్చుటయు నట్టిదే.

"నేనియ్యలేదు, వాడే తీసికొని పోయెను" అన్న చాలునా? చాలదు. బండి పెద్దల సమ్మతితోనే బయలుదేరినదని కోర్టు ముందుగనే భావించును. తనకు తెలియకుండ జరిగినదనియో, ఆపుటకు తగిన జాగ్రత్త యంతయు తీసికొంటిననియో ఋజువు చేయు భారము తండ్రిదే. తాళపుచెవి గోడమేకునకు వ్రేలాడుచుండగా ఆ ఋజువు కష్టము. ఈ సవరణకు ముందే, 2018లో హైదరాబాదున, మైనర్లకు బండ్లిచ్చిన తండ్రులు కొందఱు కోర్టు తీర్పుపై జైలునకు పోయిరి.

ధనము మాట ఇంకను బరువైనది. దెబ్బ తిన్నవారు గాని, చనిపోయినవారి కుటుంబము గాని మోటారు ప్రమాదముల ట్రిబ్యునలునందు నష్టపరిహారము కోరవచ్చును. "బీమా కలదు గదా" యని యజమాని ధైర్యముగా నుండును. 2011లో సుప్రీం కోర్టు తీర్చిన వ్యవహార మొకటి వినుడు. ఒక మైనరు తన బంధువు మోటారు సైకిలును నడపి ఒకరి మరణమునకు కారకుడయ్యెను. తాళపుచెవిని తానెఱుగకుండ తీసికొనెనని యజమాని వాదించెను. తన బండి మైనరు చేతిలో దుర్వినియోగము కాకుండ చూచుకొను బాధ్యత యజమానిదేయని కోర్టు చెప్పెను. బీమా కంపెనీ ముందుగా బాధితులకు సొమ్ము చెల్లించి, పిదప దానిని యజమాని నుండి రాబట్టుకొనవచ్చుననెను. అట్టి సొమ్ము లక్షలలో నుండును. ఎకరము రెండెకరములపై బ్రదుకు కుటుంబమునకు ఆ బాకీ భూమినే తినివేయగలదు.

పెద్దలైన మీకు ప్రత్యేకముగ రెండు మాటలు. ప్రమాదము జరిగినపుడు మధ్యవర్తులు కూర్చుండి ఇరుపక్షములను ఒప్పించి రాజీ చేయుట మన వాడుక. దుఃఖములో నున్నవారికి తక్షణము సహాయపడుట మంచిదే. కాని నిర్లక్ష్యముచే మరణము కలిగించిన నేరమును చట్టము రాజీకి వీలైన నేరములలో చేర్చలేదు. ఊరిలో కాగితము వ్రాసికొన్నంతలో కేసు సమసిపోదు. రెండవది, బాలునికి బదులు లైసెన్సు గల పెద్దవానిని "వీడే నడపినాడు" అని చూపు ఆలోచన. అది వేఱొక నేరము. ఒక పిల్లవానిని కాపాడబోయి మఱి ముగ్గురిని బోనెక్కించుట యగును.

అదునులో మనుష్యులు దొరకక రైతు పడు కష్టము నేనెఱుగుదును. పని తొందరలో కొడుకును ట్రాక్టరెక్కించుట అవసరముచేతనే గాని దురుద్దేశముచేత గాదు. అయినను ఎదుట వచ్చు సైకిలువాని ప్రాణమునకు, ట్రాలీలో కూర్చున్న కూలి స్త్రీల ప్రాణమునకు ఆ అవసరము జవాబు చెప్పజాలదు. పదునెనిమిదేండ్లు నిండిన పిదప బాలుని మీరే వెంటబెట్టుకొని పోయి లైసెన్సు ఇప్పింపుడు. అంతవఱకు తాళపుచెవి పెద్దవారి మొలనుండవలెను.