అరిస్టాటిల్ రాయి, గెలీలియో తర్కము

బరువైన వస్తువు తేలికదానికంటె వేగముగా పడునని అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) చెప్పినాడనియు, అది తప్పని గెలీలియో నిరూపించినాడనియు పాఠ్యపుస్తకములలో చదువుచుందుము. రెండు రాళ్లు వదలి చూచిన తెలియునుగదా, అంతటి తత్త్వవేత్త అదియైనను చేయలేదా అని విద్యార్థి అడుగుట సహజము. తొందరపడి ‘చేయలేదు’ అనుట న్యాయము కాదు.

అరిస్టాటిల్ దృష్టిలో పతనము ఎల్లప్పుడును ఏదో ఒక యానకములోనే జరుగును: గాలిలోనో, నీటిలోనో. వేగము భారముతో హెచ్చును. యానకము చిక్కనైన కొలది తగ్గును. యానకమే లేనిచో వేగమునకు అంతుండదు. అది అసంభవము గనుక శూన్యమే లేదని ఆయన తీర్మానము.

గాజు గొట్టములో ఆముదము నింపి, ఒకే పరిమాణముగల రెండు చిన్న గుండ్లు, ఒకటి ఉక్కుది, ఒకటి గాజుది, వదలి చూడవలెను. కళాశాల ప్రయోగశాలలలో ఆముదము స్నిగ్ధతను కనుగొనునది ఈ విధముగనే. ద్రవము కలిగించు నిరోధము వలన ప్రతి గుండును త్వరలోనే నిలకడ వేగమునకు వచ్చును. ఆ వేగము, ద్రవము పైకి నెట్టు బలమును తీసివేయగా మిగిలిన భారమునకు అనులోమముగా నుండును. సాంద్రత ఉక్కునకు సుమారు 7.8, గాజునకు 2.5, ఆముదమునకు 0.96. కనుక ఉక్కుగుండు నాలుగు రెట్లకు మించిన వేగముతో దిగును. ఈ గొట్టములో అరిస్టాటిల్ మాట చాలవరకు చెల్లినట్లే.

గాలిలో రాళ్ల సంగతి వేరు. భారములలో ఎంతో భేదమున్నను పతనకాలములో భేదము అత్యల్పమని 6వ శతాబ్దిలోనే అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలోపొనస్ ఆక్షేపించినాడు. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథములో తర్కముతోనే పట్టుకొన్నాడు. 8 పాళ్ల వేగముగల పెద్దరాతికి 4 పాళ్ల వేగముగల చిన్నరాతిని కట్టినచో, చిన్నది పెద్దదానిని వెనుకకు లాగును; వేగము 8కి తగ్గవలెను. కాని మొత్తము బరువు పెరిగినది గనుక 8కి మించవలెను. ఒకే సూత్రమునకు రెండు విరుద్ధ ఫలితములు! దీనికై ఏ గోపురమును ఎక్కనక్కరలేదు. అయితే ఆముదములో ఈ వైరుధ్యము పుట్టదు. అచ్చట జతరాళ్ల వేగమును మొత్తము భారముతోపాటు ఆకారమును నిర్ణయించును.

ద్రవములు, వాయువుల పరిధిలో అరిస్టాటిల్ భౌతికశాస్త్రము సరియైన ఉజ్జాయింపేనని, న్యూటన్ సిద్ధాంతము ఐన్‌స్టీన్ సిద్ధాంతమునకు ఉజ్జాయింపైనట్లే ఇదియునని, ఇటలీ శాస్త్రజ్ఞుడు కార్లో రొవెల్లి 2015లో వాదించినాడు. ఇది కొంత ఉదారమైన తీర్పే. అరిస్టాటిల్ కంటితో చూచినదానిని కాదనలేదు. యానకమును తొలగించి ఊహించుటకు మాత్రము ఒప్పుకొనలేదు. గెలీలియో ఊహించినాడు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్, గాలిలేని చంద్రునిపై ఒక చేతినుండి సుత్తిని, మరొక చేతినుండి డేగ ఈకను ఒకేసారి వదలినాడు. రెండును కలిసియే నేల తాకినవి.