కోడిపిల్లలకు వాము మందగునా?

మా పొరుగున నొక వృద్ధురాలు పదునెనిమిది కోడిపిల్లలను పెంచుచుండెను. అవి పెరిగిన పిదప అమ్మి మనుమరాలికి బడి పుస్తకములు కొనవలెనని యామె తలంపు. వానకాలమున నొక వారము ముసురు పట్టెను. పిల్లలు రెక్కలు వ్రేలవైచి మూలల నిలువబడినవి. రెట్టలో నెత్తురు కనబడెను. ఆమె వాము నూరి నీటిలో కలిపి పోసెను. అయినను నాలుగు దినములలో పదునొకండు చచ్చినవి.

ఆ వ్యాధి పేరు కాక్సిడియోసిస్. కంటికి కానరాని ఐమీరియా యను ఏకకణజీవి దీనికి కారణము. అది కోడి ప్రేగుల గోడలలో చేరి, కణములను చీల్చుకొని వృద్ధిపొందును. దాని గ్రుడ్లవంటి కోశములు రెట్టతో బయటపడును. తడియు, వెచ్చదనమును, గాలియు దొరికినచో ఒకటి రెండు దినములలోనే పరిపక్వములై, వానిని పొడిచి తినిన మఱియొక పిల్లకు వ్యాధి నంటించును. కోశపు పెంకు మిక్కిలి గట్టిది. సాధారణమైన క్రిమిసంహారక మందులకు లొంగదు. ముసురున తడిసిన ఊక దానికి పుట్టినిల్లని వేఱుగ చెప్పనేల?

వృద్ధురాలి ఊహ పూర్తిగ వెఱ్ఱి కాదు. వాము గింజలను నీటి ఆవిరితో బట్టీ పట్టినచో ఘాటైన తైలము వచ్చును. అందు థైమాల్ అను పదార్థము విశేషముగ నుండును. మధ్యధరా ప్రాంతపు ఒరెగానో మొక్క తైలమున కార్వక్రాల్ కలదు. ఈ రెండింటి అణువులలోని పరమాణువులు ఒకటే. అమరిక మాత్రము వేఱు. ఇవి సూక్ష్మజీవుల కణపొరను చెఱచును.

వాడుకలోనున్న మందులకు ఐమీరియా క్రమముగ అలవాటుపడుచున్నందున శాస్త్రజ్ఞుల చూపు ఇట్టి తైలములపై నిలిచినది. గ్రీసు దేశ పరిశోధకులు 2003లో ప్రకటించిన ప్రయోగమున, వ్యాధి సోకించిన కోడిపిల్లలకు కిలో మేతకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఒరెగానో తైలము కలిపి పెట్టిరి. ఏ మందును లేని వానికంటె అవి బాగుగ పెరిగినవి. లాసలోసిడ్ అను మందు తినిన వానితో మాత్రము సరితూగలేదు.

తైలము నీట కలియదు. కావున నూరిన వాము నీటితో ఎంత తైలము పిల్లల కడుపు చేరినదో చెప్పజాలము. పోనీ, తైలమునే పోయుదమన్న, కొలత మీరినచో కీడు. పూర్వము ప్రేగుపురుగులకు వాడిన చీనోపోడియం తైలము మోతాదు హెచ్చి మనుష్యులనే పొట్టన బెట్టుకొన్నది.

మిగిలిన ఏడు పిల్లలను పొడి గంపలోనికి మార్చితిమి. తడి ఊక నంతయు ఎత్తివేసితిమి. పశువైద్యుడు ఆంప్రోలియం అను మందును నీటిలో కలిపి త్రాగింపుమనెను. ఐదు బ్రతికినవి.