కదలకుండా నిలబడితే ఒప్పుకున్నట్టేనా?

పుట్టినరోజుకు కుర్తా, పెళ్లికి పట్టుపంచె, వానకు రెయిన్‌కోటు, చలికి స్వెటర్. పెంపుడు కుక్కలకు బట్టలు అమ్మే దుకాణాలు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు వింతేమీ కాదు. కొని తెచ్చాక చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఒకరు కుక్కను గట్టిగా పట్టుకుంటారు, ఇంకొకరు తల దూర్చి కాళ్లు లాగి తొడుగుతారు. అది కాసేపు పెనుగులాడి, ఆ తర్వాత ఉన్నచోటే నిలబడిపోతుంది. ‘ఎంత బుద్ధిగా వేయించుకుందో!’ అని అందరూ మురిసిపోతూ ఫోటోలు తీస్తారు. అలా మురిసిపోయేవాళ్లకు కుక్క మీద ఉన్న ప్రేమను శంకించాల్సిన పని లేదు. ఆ ప్రేమ ఉంది కాబట్టే వాళ్లకు ఈ మాట చెప్పాలి: మౌనం అర్ధాంగీకారమన్న లెక్క కుక్క దగ్గర పనికిరాదు. బట్టలు వేయించుకోవడం దానికి పుట్టుకతో వచ్చే విద్య కాదు. నేర్పితే హాయిగా వేసుకుంటుంది. నేర్పకుండా తొడిగితే ఓర్చుకుంటుంది, అంతే.

కుక్క ముఖం చూసి మనసు చదివేయగలమన్న ధీమా మనకు ఎక్కువ. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఈ ధీమాను పరీక్షకు పెట్టారు. 14 కుక్కల్లో ఒక్కొక్కదాని ముందు తాయిలం ఉంచి, తినొద్దని చెప్పి యజమాని బయటికి వెళ్లాలి. తిరిగొచ్చాక అది తిన్నదనో తినలేదనో యజమానికి చెబుతారు. చెప్పింది కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం. ‘తప్పు చేసిన ముఖం’ అని మనం అనుకునే చూపుకూ, కుక్క నిజంగా తినడానికీ సంబంధం లేదని తేలింది. ఏ తప్పూ చేయని కుక్కయినా సరే, యజమాని కోప్పడినప్పుడు ఆ చూపు ఎక్కువగా కనిపించింది. అదే ఏడాది వచ్చిన ‘ఇన్‌సైడ్ ఆఫ్ ఎ డాగ్’ పుస్తకంలో ఆమె రెయిన్‌కోటు సంగతి కూడా ఎత్తారు. వీపునూ ఛాతీనీ నొక్కిపట్టే కోటు, తనకన్నా బలమైనవాళ్లెవరో అదిమిపెట్టినట్టు కుక్కకు అనిపించవచ్చనీ, కోటు వేయగానే అది అణిగిపోవడానికి కారణం అదే కావచ్చనీ ఆమె వాదన. దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ఒంటిని బిగుతుగా చుట్టే చొక్కాలు ఉరుములకూ టపాసులకూ బెదిరే కుక్కలకు ధైర్యమిస్తాయని చాలామంది నమ్ముతారు. వాటి మీద జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు. కొన్నింటిలో కొంత మేలు కనిపించింది, కొన్నింటిలో పెద్దగా లేదు. అంటే ఆ ఒత్తిడి ఏ కుక్కకు ఊరటో, ఏ కుక్కకు బాధో ముందే తేల్చి చెప్పలేం. ఎదుట ఉన్న కుక్కనే చూసి తెలుసుకోవాలి.

కదలకపోవడం ఎంత మోసం చేయగలదో మనస్తత్వ శాస్త్రంలో పేరుపడిన ఒక ప్రయోగం చూపించింది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కొన్ని కుక్కలకు తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులు ఇచ్చారు. తర్వాత వాటిని చిన్న అడ్డు దూకితే బయటపడగలిగే చోట ఉంచినా, చాలా కుక్కలు ఆ ప్రయత్నమే చేయకుండా పడి ఉన్నాయి. తలచుకుంటేనే బాధ కలిగించే ప్రయోగం. చొక్కాకూ షాకుకూ పోలికే లేదు, నిజమే. కానీ తన ప్రయత్నం వల్ల ఏమీ మారదని తెలిసిన కుక్క ప్రయత్నం మానేస్తుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. కాబట్టి కుక్క నిలబడిందా లేదా అని చూడటం చాలదు. ఆకలి లేకుండానే పెదవులు నాకడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తల పక్కకు తిప్పుకోవడం, కళ్లలో తెల్లగుడ్డు కనిపించడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక కాళ్ల మధ్య ముడుచుకోవడం, ఇష్టమైన తాయిలం కూడా ముట్టకపోవడం, ఇవన్నీ ఇబ్బందికి గుర్తులే. ఒళ్లు వదులుగా ఉంచుకుని, మామూలుగా నడుస్తూ, పిలిస్తే వచ్చి, బొమ్మతో ఆడుకునే కుక్కకు మాత్రమే ఆ చొక్కా బరువు కాలేదని అనుకోవచ్చు.

నేర్పే పద్ధతి కొత్తది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే చిన్న పిల్లవాడికి కుందేలు భయం పోగొట్టిన తీరు ప్రచురించారు. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరాన ఉంచి, వాడు బెదరనంతమేర కొద్దికొద్దిగా దగ్గరికి జరిపారు. చివరికి వాడు దాన్ని చేత్తో తాకాడు. కుక్కకు చొక్కా అలవాటు చేయడమూ ఇదే దారిలో. మొదటిరోజు చొక్కాను నేల మీద పడేసి ఊరుకోండి. కుక్క వచ్చి వాసన చూస్తే ఒక ముక్క తాయిలం. తర్వాత చొక్కాతో భుజాన్ని తాకించి తాయిలం, వీపు మీద ఒక్క క్షణం ఉంచి తీసేసి తాయిలం. ఇక్కడ వరుస ముఖ్యం: ముందు చొక్కా కనిపించాలి, ఆ వెంటనే తాయిలం రావాలి. తాయిలం ముందు చూపించి చొక్కా తర్వాత తీస్తే, తాయిలం కనిపించినప్పుడల్లా ఏదో మూడబోతోందని కుక్క నేర్చుకుంటుంది. మెడ భాగాన్ని గుండ్రంగా పట్టుకుని అవతలి వైపు తాయిలం ఉంచితే కుక్క తనే తల దూరుస్తుంది. తోసి దూర్చిన తలకూ తనంతట దూరిన తలకూ చాలా తేడా. వెల్క్రో ‘చర్’మనే చప్పుడుకు బెదిరే కుక్కలు చాలా ఉంటాయి కాబట్టి ఆ చప్పుడును విడిగా, దూరం నుంచి అలవాటు చేయాలి. కాళ్లు ఎక్కించడం అన్నిటికన్నా కష్టం, దాన్ని చివరికి ఉంచుకోండి. పూటకు రెండు మూడు నిమిషాలు మించొద్దు. ఒక మెట్టు దగ్గర కుక్క వెనక్కి తగ్గితే మీరూ ఒక మెట్టు దిగాలి.

ఇంగ్లండ్‌కు చెందిన శిక్షకుడు చిరాగ్ పటేల్ దీనికి ఒక మంచి మెరుగు దిద్దారు. తాయిలాలున్న గిన్నెను కుక్కకు ఎదురుగా పెడతారు. అది గిన్నె వైపు చూస్తున్నంతసేపే పని సాగుతుంది, చూపు తిప్పుకుంటే చేయి ఆగిపోతుంది. ఆగమనే హక్కు ఇస్తే కుక్క ఎప్పటికీ వేయించుకోదు కదా అన్న సందేహం సహజం. కానీ తాను వద్దంటే పని ఆగుతుందని తెలిసిన కుక్కకు పారిపోవాల్సిన, మొరగాల్సిన, కరవాల్సిన అవసరం తగ్గుతుంది. మాటిమాటికీ చూపు తిప్పుకుంటోందంటే మీరు తొందరపడుతున్నారని అర్థం. తాయిలం పెట్టి నేర్పడం లంచమే కదా అనేవాళ్లకూ జవాబు ఇక్కడే ఉంది. ఎప్పుడైనా కాదనగలిగే చోట ఇచ్చేది లంచం ఎలా అవుతుంది?

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: దేవుడిచ్చిన బొచ్చు ఉండగా కుక్కకు బట్టలెందుకు? మన ఎండల్లో ఈ ప్రశ్న సగానికి పైగా న్యాయమే. కుక్కకు చెమట ప్రధానంగా పాదాల్లోనే పడుతుంది, ఒళ్లు చల్లబరచుకునేది ఎక్కువగా రొప్పడం ద్వారానే. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో షేర్వాణీ తొడగడం దాన్ని కష్టపెట్టడమే. ముక్కు చప్పిడి పగ్ జాతికి అది ప్రాణం మీదికి తేవచ్చు. అయినా నేర్పడం వృథా కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక కుట్లు నాకకుండా దాదాపు రెండు వారాలు ఒంటికి చొక్కా గానీ మెడకు కోన్ గానీ వేయాల్సి వస్తుంది. డాక్టరు దగ్గర మూతికి చిక్కం కట్టాల్సి రావచ్చు. లంబసింగి చలిలో పొట్టి బొచ్చు ముసలి కుక్కకు కోటు అక్కరకొస్తుంది. అమెరికా, కెనడాల్లో మంచు కురిసే ఊళ్లలో ఉంటున్న తెలుగువాళ్ల కుక్కలకు రోడ్డు మీద చల్లిన ఉప్పు నుంచి పాదాలను కాపాడే బూట్లు కూడా కావాలి. వీటిలో ఏదైనా నొప్పితో ఉన్న రోజే మొదటిసారి తొడిగితే నొప్పీ తొడుగూ కుక్క మనసులో ముడిపడిపోతాయి.

వేషాల విషయంలో ఇంకొంత జాగ్రత్త. కళ్లు, చెవులు, మూతి కప్పేవి వద్దు. పూసలు, బొత్తాలు కొరికి మింగితే పేగులో అడ్డుపడవచ్చు. మెడ దగ్గర, సంకల్లో రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. తోకా వీపూ కప్పేస్తే ఎదుటి కుక్కకు దీని మనసు అర్థంకాక తగాదా రావచ్చు. వేషంతో ఒంటరిగా వదలొద్దు. పండుగ రేపే, నేర్పే వ్యవధి లేదంటే మెడపట్టీకి చిన్న రుమాలు కడితే చాలు. నేపాల్‌లో తిహార్ పండుగ రెండో రోజు కుక్కలకు జరిగే పూజలో బంతిపూల దండ, నుదుట బొట్టు, మంచి భోజనం ఉంటాయి. అంతకన్నా ముస్తాబు మన పండుగకూ అక్కర్లేదు. ఇన్నాళ్లూ సరదాగా చొక్కా వేయించుకున్న కుక్క ఒకరోజు ఉన్నట్టుండి గుర్రుమంటే మొండికేసిందనుకోకండి. కాలెత్తితే కీలు నొప్పి పుడుతోందేమో, చెవిలో చీముందేమో, చర్మం మీద పుండుందేమో. చొక్కా పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించండి.