మజిలీ ముందు, వాహనం తరువాత
యాత్రికులకు వాహన ఎంపికపైనా, ప్రయాణ క్షేమంపైనా కొన్ని సూచనలు

విజయదశమి నాడు ఏ ఆలయం ముందు చూసినా వాహనాలు బారులు తీరి ఉంటాయి. అర్చకులు పసుపు కుంకుమలతో పూజించి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, హారతి ఇచ్చి సాగనంపుతారు. ఎక్కిన వారందరినీ క్షేమంగా ఇల్లు చేర్చమన్నదే ఆ పూజలోని ప్రార్థన. అందులో భగవంతుని అనుగ్రహంతో పాటు మనిషి వివేకానికీ పాత్ర ఉంది.

2021 ఫిబ్రవరి 14వ తేదీ తెల్లవారుజామున కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదారపురం వద్ద ఒక టెంపో వాహనం జాతీయ రహదారి మధ్యనున్న డివైడరును దాటి, ఎదురుగా వస్తున్న లారీని ఢీకొన్నది. మదనపల్లె నుండి అజ్మీరు యాత్రకు బయలుదేరిన ఆ బృందంలో 14 మంది మరణించారు. మతమేదైనా యాత్రికులు యాత్రికులే. ఇటువంటి దుఃఖం మరొక కుటుంబానికి కలుగరాదన్న ఆకాంక్షతోనే ఈ వ్యాసం.

వీరాస్వామయ్య గారి పద్ధతి

మన ప్రాంతం మీదుగా సాగిన సుప్రసిద్ధ యాత్ర ఏనుగుల వీరాస్వామయ్య గారిది. ఆయన 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం మొదలైన క్షేత్రాల మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పల్లకీ, బోయీలు, డేరాలు, పెద్ద పరివారం. ఒక విధంగా అది కదిలే ఇల్లు. ఆయన రచించిన 'కాశీయాత్రా చరిత్ర'లో అడుగడుగునా కనిపించేది మజిలీ ప్రస్తావన. ఏ ఊరిలో దిగవచ్చు, నీటి వసతి ఉన్నదా, అంగళ్లు ఉన్నాయా, తరువాతి మజిలీకి దారి ఎట్టిది అన్న వివరాలు ఆయన శ్రద్ధగా వ్రాసుకున్నారు.

నేడు మనం ముందుగా వాహనాన్ని కుదుర్చుకుంటాము. తరువాత దానిలో ఎన్ని క్షేత్రాలు ఇమిడితే అన్ని ఇరికిస్తాము. క్రమం తారుమారు కావడమే అనేక కష్టాలకు మూలం. ఏ రాత్రి ఎక్కడ బస, వెంట వచ్చే వారిలో వృద్ధులెవరు, పసివారెవరు అన్నది మొదట నిశ్చయించుకుంటే, ఎటువంటి వాహనం కావాలో దానంతట అదే తేలుతుంది.

కొనుటయా, అద్దెకు తీసుకొనుటయా?

ఏడాదికి పది రోజుల యాత్ర కోసం పెద్ద వాహనం కొనాలనుకునే వారు మిగిలిన 355 రోజుల లెక్క కూడా వేసుకోవాలి. వాహనం ఇంటి ముందు నిలిచి ఉన్నా బీమా, రుణంపై వడ్డీ, బ్యాటరీ, టైర్ల వృద్ధాప్యం ఆగవు. నిత్యావసరానికి సరిపడే చిన్న వాహనం కొనుక్కొని, అందరూ కలిసి వెళ్లే యాత్రకు పెద్ద వాహనాన్ని అద్దెకు తీసుకోవడమే అనేక కుటుంబాలకు శ్రేయస్కరం.

అద్దె వాహనమైతే నంబరు పలకను పరిశీలించండి. పసుపు రంగు పలకపై నల్లని అక్షరాలు ఉంటే అది అద్దెకు నడిపే అనుమతి గల వాహనం. తెల్లని పలక సొంత వాహనానికి గుర్తు. తెలిసిన వారిదని, కొంత తక్కువకు వస్తుందని తెల్ల పలక వాహనాన్ని కిరాయికి మాట్లాడుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారాన్ని నిరాకరించే అవకాశం ఉంది. ఇతర రాష్ట్రాలకు వెళ్లదలచినప్పుడు పర్యాటక పర్మిట్టు, ఫిట్‌నెస్ పత్రం, బీమా గడువు మూడింటినీ చూచిన తరువాతనే బయానా ఇవ్వండి.

ట్రాక్టరు ట్రాలీలలో, సరుకుల ఆటోలలో తిరునాళ్లకు తరలి వెళ్లడం మన పల్లెలలో నేటికీ ఉంది. అవి మనుషుల కోసం నిర్మించినవి కావు. వాటిలో ప్రయాణికులుగా ఎక్కిన వారికి సాధారణంగా బీమా రక్షణ కూడా ఉండదు. యాత్రల వ్యయం భరించే దాతలకు మా విన్నపం: మనుషులను తీసుకువెళ్లే వాహనానికే మీ ద్రవ్యాన్ని వెచ్చించండి. అవసరమైతే పది మందిని తక్కువగా తీసుకువెళ్లినా పుణ్యానికి లోటు లేదు.

పాత వాహనం కొనేవారికి

కర్నూలు వారికి తెలంగాణ, కర్ణాటక సరిహద్దులు సమీపం కనుక అక్కడి పాత వాహనాలు తరచుగా బేరానికి వస్తాయి. పొరుగు రాష్ట్రపు వాహనమైతే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం తప్పనిసరి. ఇక్కడ చెల్లించవలసిన జీవితకాల పన్నును కూడా ధరలో కలిపి లెక్కించుకోవాలి. లేనియెడల చౌక బేరం చౌక కాకుండా పోతుంది. వాహనంపై రుణం ఉన్నదేమో రిజిస్ట్రేషన్ పత్రంలో చూచి, ఉంటే అది తీరినట్లు బ్యాంకు ఇచ్చే పత్రం తీసుకోవాలి. చెల్లించని చలానాలు ఉన్నవేమో విచారించాలి. సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపై తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి.

డబ్బు ఇచ్చి తాళం చెవి పుచ్చుకున్నంత మాత్రాన వాహనం మనది కాదు. యాజమాన్య మార్పిడి జరిగి, బీమా కూడా మన పేరిట మారిన తరువాతనే యాత్రకు బయలుదేరాలి. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకువెళ్లి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, ఎత్తు పల్లాలు గల దారిలో నడిపి చూడండి. బ్రేకుల సంగతి, క్లచ్చు సంగతి అక్కడ బయటపడుతుంది.

వాహనంలోనే నిద్ర, వంట

మంచము, వంట వసతి గల కేరవాన్ వాహనాలపై ఇటీవల మన దేశంలోనూ ఆసక్తి పెరిగింది. కేరళ ప్రభుత్వం 2021లో వీటి కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. ప్రమాణాల ప్రకారం తయారై, ఆ తరగతిలోనే రిజిస్ట్రేషన్ అయిన వాహనం వేరు. టెంపోలో సీట్లు తీసివేసి, పరుపులు పరచి, గ్యాస్ పొయ్యి అమర్చుకున్న వాహనం వేరు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానుసారం మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను అనుమతించదు. పరుపులపై పడుకున్న వారికి సీటు బెల్టు ఉండదు. గట్టిగా బ్రేకు వేస్తే వారిని పట్టి ఉంచేది ఏదీ లేదు.

గ్యాస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపి ఉన్న పర్యాటక రైలు బోగీలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరు కారణంగా మంటలు చెలరేగి 9 మంది మరణించారు. వారు లక్నో నుండి దక్షిణాది యాత్రకు వచ్చినవారు. కదిలే వాహనంలోగాని, తలుపులు మూసిన వాహనంలోగాని పొయ్యి వెలిగించవద్దు. పులిహోర, దద్దోజనం మూటకట్టుకొని వెళ్లడం మన పెద్దల అలవాటు. అన్నప్రసాదం లభించే క్షేత్రాలలో ఆ మూట కూడా అక్కరలేదు.

బస్సులో ప్రయాణిస్తే అత్యవసర ద్వారం ఎక్కడున్నది, అద్దం పగులగొట్టే సుత్తి ఉన్నదా, మంటలార్పే సిలిండరు ఉన్నదా అని ఎక్కగానే చూచుకోండి. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద వేకువకు ముందే ఒక ప్రైవేటు స్లీపరు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించిన దుర్ఘటనను మనం మరువరాదు.

మన ఎండ, మన టైర్లు

వేసవిలో కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. కాగిన తారు రోడ్డుపై గాలి తక్కువైన టైరు మరింతగా నలిగి, వేడెక్కి, పగిలిపోయే ప్రమాదం ఉంది. ఉదయం బయలుదేరక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూడాలి. మధ్యాహ్నం టైరు వేడెక్కినప్పుడు గాలి ఎక్కువగా కనిపించడం సహజం. అప్పుడు గాలి తీసివేయడం పొరపాటు. టైరు ప్రక్క గోడపై నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు అరగకపోయినా, ఏళ్ల తరబడి ఎండకు ఎండిన టైరు నమ్మదగినది కాదు. స్పేరు టైరును కూడా ఇదే విధంగా పరీక్షించాలి.

వాహనం పైకప్పుపై సామాను ఎత్తుగా పేర్చవద్దు. మలుపులలో వాహనం ఒరిగిపోతుంది. తాగునీరు ఎంత అవసరమో అంతకు రెట్టింపు ఉంచుకోండి. 'ఐదు నిమిషాల దర్శనమే కదా' అని పిల్లలను, వృద్ధులను అద్దాలు మూసిన కారులో ఎన్నడూ ఉంచి వెళ్లవద్దు.

కనుమ దారులు, రాత్రి వేళ

కర్నూలు నుండి శ్రీశైలం సుమారు 180 కిలోమీటర్లు. ఆత్మకూరు దాటిన తరువాత నల్లమల అడవి. దోర్నాల నుండి కనుమ. అక్కడ అటవీ శాఖ తనిఖీ కేంద్రం రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు సాధారణంగా మూసి ఉంటుంది. ఇది పెద్దపులులు సంచరించే అభయారణ్యం. గేటు పడే వేళకు అందుకోవాలని వేగం పెంచేకంటే, మధ్యాహ్నం రెండు గంటలకే కర్నూలు విడవడం మేలు. ఇంధనం ఆత్మకూరులోనే నింపుకోండి.

కనుమ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. ఇంధనం కలిసివస్తుందని న్యూట్రల్‌లో దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎదురుగా ఎక్కి వచ్చే వాహనానికే ముందు దారి ఇవ్వాలి. కడప, రాయచోటి మధ్యనున్న గువ్వలచెరువు కనుమలోనూ ఇదే నియమం. పాలకోవా కోసం ఆగేవారు వాహనాన్ని మలుపులో కాక, రోడ్డుకు దూరంగా నిలపాలి. శివరాత్రికి మన వారు, ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా శ్రీశైలానికి కాలినడకన వెళతారు. ఆ రోజులలో రోడ్డు అంచు వారిది అని భావించి మెల్లగా నడపండి.

ఎగువ అహోబిలం వరకు కారు వెళుతుంది. పావన నరసింహుని దర్శనానికి మాత్రం దారి తెలిసిన స్థానిక జీపులే శరణ్యం. జ్వాలా నరసింహుని సన్నిధికి కాలినడకే మార్గం. అక్కడికి మన కొత్త వాహనం పనికిరాలేదని చింతించనవసరం లేదు.

డ్రైవరు కూడా మన యాత్రికుడే. అతడు రోజుకు 8 గంటలకు మించి పనిచేయరాదని, ఎడతెగకుండా 5 గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. బస కుదుర్చుకునేటప్పుడు అతనికి కూడా ఒక పడక అడగండి. వాహనంలో కునుకు తీసినవాడు మరునాడు మనలను ఏ విధంగా నడిపించగలడు?

మూడు రోజుల క్రమం

మచ్చుకు ఒకటి. మొదటి రోజు కర్నూలు నుండి యాగంటి, ఆపై మహానంది. రాత్రి అక్కడే బస. రెండవ రోజు నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం. రాత్రి అక్కడ బస. మూడవ రోజు మైదుకూరు మీదుగా బ్రహ్మంగారి మఠం, దేవుని కడప, ఒంటిమిట్ట. ప్రతి రోజూ సూర్యాస్తమయానికి ముందే మజిలీ చేరే విధంగా ఉన్నది కనుక ఇందులో రాత్రి ప్రయాణం లేదు. మరొక క్షేత్రం చేర్చదలిస్తే మరొక రోజు చేర్చండి. మరొక రాత్రిని కాదు.

అనుకోని ఆపద వస్తే అంబులెన్సుకు 108, పోలీసులకు 112, జాతీయ రహదారిపై సహాయానికి 1033. ఇతరుల ప్రమాదం కంటబడితే ఆగి సహాయపడండి. ఆ విధంగా సహాయం చేసిన వారిని చట్టం రక్షిస్తుంది.

మన ఊళ్ల పొలిమేరలలో 'క్షేమంగా వెళ్లి లాభంగా రండి' అన్న పలకలు కనిపిస్తుంటాయి. అందులో క్షేమం ముందు, లాభం తరువాత. చూడలేకపోయిన క్షేత్రం వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది. దానిని దర్శించడానికి మనమూ ఉండాలి.