వక్ఫ్ స్థలం: చేతులు మారినా యజమాని మారడు

మన పట్టణాల్లో బజారు మధ్యనో, బస్టాండు పక్కనో తరచూ ఒక వక్ఫ్ స్థలం కనిపిస్తుంది. ముందు వరసలో రేకుల కొట్లు, వెనుక పాత సమాధులు, పిచ్చి చెట్లు. ఇది ఎవరిదని అడిగితే కొట్టులో ఉన్నవారు తమదంటారు, ముతవల్లీ కుటుంబం తమదంటుంది. మునిసిపాలిటీ పన్ను రసీదులో ఇంకో పేరుంటుంది. నిజానికి అది వీరిలో ఎవరిదీ కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) గారికి ఖైబర్‌లో మంచి భూమి లభించినప్పుడు, దాన్ని ఏం చేయమంటారని దైవప్రవక్త (స)ను అడిగారు. మూలాన్ని అలాగే నిలిపి, దాని ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సూచించారు. ఆ భూమిని అమ్మకూడదు, కానుకగా ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. వక్ఫ్‌కు పునాది ఇదే. ముతవల్లీ కాపలాదారు మాత్రమే, హక్కుదారు కాడు.

మరి ఇన్ని పేర్లు ఎలా వచ్చాయి? పూర్వం మసీదు, దర్గా, ఖబరస్తాన్‌ల నిర్వహణకు ఇనాం భూములు ఇచ్చేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ వాటిని విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో నమోదు చేసింది. తెలంగాణలో అలాంటి ఆధారం ముంతఖబ్. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం కింద ఆంధ్ర ప్రాంతంలో రైత్వారీ పట్టాలు ఇచ్చినప్పుడు, కొన్నిచోట్ల సంస్థకు బదులు వ్యక్తుల పేర్లు ఎక్కాయి. తర్వాత వారి సంతానం పంచుకోవడం, అమ్ముకోవడం, కొన్నవారు మళ్లీ అమ్మడం జరిగింది. కాగితాల గొలుసు పొడవైందే గాని హక్కు పుట్టలేదు. ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డుకు సంబంధించిన సయ్యద్ అలీ కేసులో 1998లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫే, ఇనాం చట్టం కింద పట్టా వచ్చినా ఆ స్వభావం పోదు.

1995 వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ ప్రకారం వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, మార్పిడి, తాకట్టు మొదటినుంచీ చెల్లవు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద వక్ఫ్ ఆస్తులను నిషేధిత జాబితాలో చేరుస్తారు. కాబట్టి స్థలం కొనేవారు ఈ.సీ. ఒక్కటే చూసి తృప్తి పడకూడదు. ఆర్.ఎస్.ఆర్., వక్ఫ్ గెజిట్, 22-ఎ జాబితా మూడూ చూడాలి. లేకపోతే కష్టార్జితం పోతుంది, అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసిన భారం మిగులుతుంది.

అలాగని స్థలాన్ని పాడుబెట్టమని కాదు. వాణిజ్య, విద్య, వైద్య అవసరాలకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో 30 ఏళ్ల వరకు లీజుకివ్వవచ్చు. అభివృద్ధి చేయమని ముతవల్లీకి నోటీసు ఇచ్చే అధికారం 32వ సెక్షన్ కింద బోర్డుకుంది. పట్టణ వక్ఫ్ ఆస్తుల అభివృద్ధికి కేంద్ర వక్ఫ్ కౌన్సిల్ 1974-75 నుంచి వడ్డీలేని రుణాల పథకం నడిపింది. ఒక్క జాగ్రత్త అవసరం. మామూలు స్థలాల్లో బిల్డర్‌కు ఫ్లాట్లతో పాటు భూమిలో అవిభాజ్య వాటా రాసిస్తారు. వక్ఫ్‌లో అలా రాస్తే అది అమ్మకమే అవుతుంది. గోడలు కొత్తవి కావచ్చు, భూమి మాత్రం కదలకూడదు.

నష్టమంతా బయటివారి వల్లే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఒక లెక్క వేద్దాం. పది కొట్లు, ఒక్కోదానికి నెలకు 200 రూపాయల పాత అద్దె. ఏడాదికి 24 వేలు. పక్క వీధిలో అలాంటి కొట్టుకు 4 వేలు పలికితే, రావలసింది 4 లక్షల 80 వేలు. తేడా 4 లక్షల 56 వేలు. అది అనాథ పిల్లల ఫీజు, వితంతువుల ఇంటి సరుకులు. ఆ పాత అద్దె కడుతున్నవారిలో, చవకగా తీసుకుని మరొకరికి ఎక్కువకు ఇస్తున్నవారిలో మన జమాఅత్ వాళ్లూ ఉంటున్నారు. వక్ఫ్ కోసం సభల్లో మాట్లాడే ముందు మన కొట్టు అద్దె సరిచేసుకోవడం మన బాధ్యత.

ఇక ఆలస్యానికి తావు లేదు. వక్ఫ్ ఆస్తి స్వాధీనం కోసం వేసే దావాలకు కాలపరిమితి అడ్డు కాదని చెప్పిన 107వ సెక్షన్‌ను 2025 సవరణలో కాలపరిమితి చట్టం వర్తించేలా మార్చారు. స్థిరాస్తి స్వాధీనం దావాకు కాలపరిమితి చట్టంలో సాధారణ గడువు 12 ఏళ్లు. ఊరుకున్న ప్రతి ఏడాదీ ఆక్రమణదారుకే లాభం. వక్ఫ్ వివరాల నమోదుకు ఉమీద్ పోర్టల్‌ను 2025 జూన్‌లో ప్రారంభించారు.

ప్రతి జమాఅత్‌కూ మేము కోరేది నాలుగే పనులు. మీ మసీదుకు, ఖబరస్తాన్‌కు చెందిన సర్వే నెంబర్లు రాసుకోండి. గెజిట్ నకలు తెచ్చుకుని, పోర్టల్‌లో ఆ వివరాలు ఎక్కాయో లేదో బోర్డు కార్యాలయంలో అడగండి. సర్వేయర్‌తో హద్దులు కొలిపించి రాళ్లు పాతించండి. ఏటా ఆదాయ వ్యయాల లెక్కను మసీదు బోర్డు మీద అందరికీ కనబడేలా అతికించండి.

ఇచ్చినవారు సదఖా జారియాగా ఇచ్చి వెళ్లిపోయారు. ఆ ఫలం పేదలకు చేరినంత కాలం వారికి పుణ్యం చేరుతూనే ఉంటుంది. దాన్ని మన చేతుల్లో ఆగిపోనివ్వకుండా ఉండే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.