పాఠం చెప్పడం మాకెవరు నేర్పారు?

ఒకటో తరగతి పిల్లలతో అ ఆలు దిద్దించే టీచరుకు ట్రైనింగ్ కావాలి. హైస్కూల్లో లెక్కలు చెప్పాలంటే బి.ఇడి. ఉండి తీరాలి. అంతెందుకు, మా మెట్టుగూడ సందులో కుట్టుమిషన్ నేర్పే ఆవిడ కూడా ఆరు నెలలు మరొకరి దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. కానీ డిగ్రీ కాలేజీలో ఎనభై మంది ఆడపిల్లల ముందు నిలబడే లెక్చరరుకు మాత్రం పాఠం ఎలా చెప్పాలో ఎవరూ నేర్పరు. మా రోజుల్లో ఎం.ఏ.లో మార్కులుంటే చాలనేవారు. 'సబ్జెక్టు వచ్చినవాళ్లకు చెప్పడం రాదా ఏమిటి?' అనుకుంటారు.

నాకు రాలేదు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

1984లో సికింద్రాబాద్‌లోని ఒక మహిళా కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్‌గా చేరాను. చేరిన రోజున ప్రిన్సిపాల్ గారు టైంటేబుల్, అటెండెన్స్ రిజిస్టరు, రెండు సుద్దముక్కలు చేతికిచ్చి 'సెకండియర్ బి.ఏ., పైన కుడివైపు గది' అన్నారు. అంతే నాకు దొరికిన ట్రైనింగ్. రాత్రంతా కూర్చుని రాసుకున్న నోట్సు గంటకు సరిపోతుందనుకున్నాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మిగతా సమయం ఏం చేయాలో తోచక మళ్లీ మొదటినుంచి చదివాను. పిల్లలు పాపం మళ్లీ రాసుకున్నారు!

ఆ తర్వాత ఐదేళ్లు అలాగే గడిచాయి. నేను చదవడం, వాళ్లు రాసుకోవడం. పరీక్షల్లో బాగానే పాసయ్యేవారు కాబట్టి నన్ను ఎవరూ ఏమీ అనలేదు. వెనక బెంచీల్లో నిద్రపోయేవాళ్లను చూసి 'ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదు' అని స్టాఫ్‌రూంలో అందరితోపాటు నేనూ విసుక్కునేదాన్ని.

నాలుగు వారాల పేచీ

1986 జాతీయ విద్యావిధానం వచ్చాక యు.జి.సి. వారు యూనివర్సిటీల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలని మొదలుపెట్టారు. మొదటి విడతలో దేశం మొత్తం మీద 48 యూనివర్సిటీలకు ఇచ్చారు. మన ఉస్మానియాకూ ఒకటి వచ్చింది. కొత్త లెక్చరర్లకు నాలుగు వారాల ఓరియంటేషన్ కోర్సు, పాతవాళ్లకు మూడు వారాల రిఫ్రెషర్ కోర్సు. సీనియర్ స్కేలు కావాలంటే ఈ కోర్సులు చేసి తీరాలన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ స్కేలు మాట లేకపోతే మాలో సగం మంది అటువైపు తొంగి కూడా చూసేవాళ్లం కాదు.

1989లో నా పేరు వచ్చింది. ఇంట్లో నాలుగేళ్ల పాప. మావారికి రైల్ నిలయంలో ఉద్యోగం. కాలేజీ అయితే మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇంటికి వచ్చేసేదాన్ని. కోర్సేమో పొద్దున పది నుంచి సాయంత్రం ఐదింటి దాకా. 'ఎం.ఏ. చదివి ఐదేళ్లు ఉద్యోగం చేశాక మళ్లీ ఈ బడి ఏమిటి?' అన్నారు మావారు. చివరికి జనగామ నుంచి అత్తయ్య వచ్చి ఆదుకున్నారు. 'నువ్వు పోయి రా, పిల్లను నేను చూస్తా' అన్న ఆ ఒక్క మాట లేకపోతే ఈ వ్యాసమే లేదు. మాతోపాటు నిజామాబాద్ నుంచి వచ్చినావిడకు అలాంటి అత్తగారు లేరు. హాస్టల్ గదిలో రెండో వారం రాత్రి ఆమె ఏడుస్తుంటే ఏం చెప్పాలో మాకు తోచలేదు. మూడో వారంలో కోర్సు వదిలేసి వెళ్లిపోయింది. మగ లెక్చరర్లలో ఒక్కరు కూడా మధ్యలో వెళ్లలేదు. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

కోర్సంతా అద్భుతం అని చెప్పను. కొందరు పెద్దలు వచ్చి, పాఠం ఆసక్తిగా ఎలా చెప్పాలి అన్న విషయాన్ని రెండు గంటలపాటు కాగితం చూసి చదివి వెళ్లారు. మధ్యాహ్నం భోజనం తర్వాత క్లాసులో సగం మంది కునుకు తీసేవారు. అప్పుడు గాని నాకు మా వెనక బెంచీ పిల్లల బాధ అర్థం కాలేదు.

కానీ మూడో వారంలో 'మైక్రో టీచింగ్' అని ఒకటి పెట్టారు. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో 1960లలో మొదలైన పద్ధతి ఇది. పాఠమంతా కాదు, ఐదు నిమిషాల ముక్క ఒకటి చెప్పాలి. తోటి లెక్చరర్లే విద్యార్థులుగా కూర్చుంటారు. ఒకరు గడియారం పట్టుకుని, మనం చేసే పనుల్లో ఒక్కదాన్ని మాత్రమే గమనించి రాసుకుంటారు. అది మనకు చెబుతారు. మళ్లీ అదే ముక్క ఇంకోసారి చెప్పాలి.

నన్ను గమనించినావిడ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన జువాలజీ లెక్చరర్. నేను అడిగే ప్రశ్నలు రాసుకోవడం ఆమె పని. ఐదు నిమిషాలయ్యాక నవ్వుతూ కాగితం నా చేతికిచ్చింది. 'అర్థమైందా' అని పద్నాలుగుసార్లు అన్నానట! అందులో పది బోర్డు వైపు తిరిగి అన్నవే. ఏ ఒక్కసారీ జవాబు కోసం ఆగలేదు. అడగడం, వెంటనే నేనే ముందుకు పోవడం.

చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ మాట ప్రిన్సిపాల్ చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. ఆవిడ తర్వాత నా వంతు, నేనూ ఆమె కాగితం నింపాలి కదా, అందుకే పడ్డాను.

మూడు సెకన్లు

ఆ సాయంత్రం మాకు చెప్పిన సంగతి ఒకటి ఇప్పటికీ మర్చిపోలేదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త వందలకొద్దీ క్లాసుల టేపులు విని ఒక లెక్క తేల్చింది. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే చాలు, పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు. 1970లలో ఆమె ఈ విషయాలు ప్రచురించింది.

మూడు సెకన్లంటే ఎంత అనుకుంటాం గానీ, క్లాసులో నిలబడి నిశ్శబ్దంగా లెక్కపెట్టి చూడండి. యుగంలా ఉంటుంది. ఇంట్లో పిల్లల చేత హోంవర్కు చేయించే అమ్మలూ ఒకసారి ప్రయత్నించండి. 'ఏడు ఎనిమిదులెంత?' అని అడిగి, వాడు నోరు తెరిచేలోపు మనమే 'యాభై ఆరు!' అని కసిరేస్తామా లేదా?

కాలేజీకి తిరిగి వెళ్లిన వారంలో డిమాండ్ వ్యాకోచత్వం పాఠం. ధర పెరిగితే ఏ వస్తువు కొనుగోలు ఎక్కువ తగ్గుతుంది, ఏది తగ్గదు అని అడిగాను. అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకున్నాను. ఎవరూ మాట్లాడలేదు. నాలుగు, ఐదు. గోడ పక్కన కూర్చునే అమ్మాయి లేచింది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి మా ఇంగ్లిష్ మీడియం క్లాసులో పడిన పిల్ల. రెండేళ్లలో ఆమె గొంతు నేను విన్నది అటెండెన్స్ పిలిచినప్పుడే.

'టమాటా పెరిగితే చింతపండుతోని సరిపెట్టుకుంటరు మేడం. ఉప్పు పెరిగితే ఏం చేస్తరు, కొనాల్సిందే' అంది.

వాళ్లమ్మ మోండా మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతుందని అప్పుడే తెలిసింది. ఆ పిల్లకు పాఠం పుస్తకంలో లేదు, ఇంట్లోనే ఉంది. రెండేళ్లు నేను ఆ ఇంటి తలుపు తట్టనే లేదు.

నేర్పేవాళ్లకూ ఓ సంఘం

ఇలా కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పేవాళ్లకు పాఠం చెప్పడం నేర్పే పని చేసేవాళ్లను బయటి దేశాల్లో 'ఎడ్యుకేషనల్ డెవలపర్లు' అంటారట. నాకు ఈ మాట తెలిసింది మా అమ్మాయి వల్ల. అప్పట్లో నాయనమ్మ దగ్గర వదిలి వెళ్లిన ఆ పాపే ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతోంది. చేరిన కొత్తలో ఫోన్ చేసి 'అమ్మా, ఇక్కడ నాకు కూడా నీ కోర్సే పెట్టారు' అని నవ్వింది.

తను చెప్పాక ఆసక్తి కలిగి తెలుసుకున్నాను. వాళ్లకు వృత్తి సంఘాలున్నాయి. బ్రిటన్‌లో స్టాఫ్ అండ్ ఎడ్యుకేషనల్ డెవలప్‌మెంట్ అసోసియేషన్, పొట్టిగా 'సెడా', 1993లో ఏర్పడింది. అంతకు ముందున్న రెండు బృందాలు కలిసి ఒకటయ్యాయి. అమెరికాలో 'పాడ్ నెట్‌వర్క్' 1976 నుంచి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ల 'హెర్డ్‌సా' 1972 నుంచి ఉన్నాయి. ఇలాంటి దేశాల సంఘాలన్నిటినీ కలుపుతూ 1993లోనే 'ఐసెడ్' అని అంతర్జాతీయ వేదిక ఒకటి వచ్చింది. అమెరికా, ఇంగ్లండ్ దాకా ఎందుకు, పక్కనున్న శ్రీలంకలోనూ యూనివర్సిటీ బోధన మెరుగుపరచడానికి లెక్చరర్లు పెట్టుకున్న సంఘం ఉంది.

వీళ్లు చేసే పనులేమిటంటే సభలు జరుపుతారు, పత్రికలు వేస్తారు, కొత్త లెక్చరర్లకు ఇచ్చే శిక్షణ కోర్సులను పరీక్షించి గుర్తింపు ఇస్తారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఇవేవీ కావు. ఒకరి క్లాసులో ఇంకొకరు కూర్చుని చూసే పద్ధతి. దానికో కట్టుబాటు పెట్టుకుంటారు: చూసినవాళ్లు చెప్పేది పాఠం చెప్పినవాళ్లకే, పై అధికారికి కాదు. తనిఖీ వేరు, తోడు కూర్చోవడం వేరు. మన కాలేజీల్లో క్లాసులోకి ఇంకొకరు వచ్చారంటే ఎవరో ఫిర్యాదు చేశారనే అర్థం!

మనవైపు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు 2015లో హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లయ్యాయి. 2023లో మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లయ్యాయి. పేర్లు మారినా హైదరాబాద్‌కు ఈ విషయంలో లోటు లేదు. ఉస్మానియాతోపాటు సెంట్రల్ యూనివర్సిటీ, జె.ఎన్.టి.యు., మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీల్లోనూ ఈ కేంద్రాలు వచ్చాయి. చాలా కోర్సులు ఆన్‌లైన్‌లోకి మారాయి కనుక పిల్లను అత్తగారికి అప్పగించే పని తప్పింది. వంటింట్లో కుక్కరు విజిళ్లు లెక్కపెడుతూ, ల్యాప్‌టాప్ ముందు కెమెరా ఆపేసి కూర్చునే తల్లులు నాకు తెలుసు. ఐదు నిమిషాల పాఠం చెప్పి పక్కావిడ చేతిలోంచి కాగితం అందుకోవడం అందులో ఎంతవరకు సాగుతుందో నాకు అనుమానమే.

రెండో శనివారం

అసలు చిక్కు ఇంకోటుంది. ఇప్పుడు ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో ఎంతోమంది గెస్టులు, కాంట్రాక్టు వాళ్లు. అందులో ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. మా పక్కవాటాలో ఉండే అమ్మాయినే తీసుకోండి. ఎం.కాం., నెట్ పాసైంది. గంటకింత అని ఇస్తారు. సెలవు పెడితే ఆ గంట డబ్బు పోతుంది. కాగితం మీద కాంట్రాక్టు వాళ్లకూ ఈ కోర్సుల్లో చోటుంది. కానీ స్కేలు లేదు, ప్రమోషన్ లేదు. సర్టిఫికెట్ తెచ్చినా జీతంలో రూపాయి మారదు. 'మీకు స్కేలు కోసమైనా నేర్పారాంటీ. మాకెవరు నేర్పుతారు?' అని ఓ రోజు మెట్ల మీద అడిగేసింది. నా దగ్గర జవాబు లేదు. 'శనివారం టీకి రా' అన్నాను.

అలా మొదలైంది. మారేడుపల్లిలో నాతో పనిచేసి రిటైరైన స్నేహితురాలి ఇంట్లో, నెలనెలా రెండో శనివారం కలుస్తాం. మేం ముగ్గురం పాతవాళ్లం, ఐదారుగురు ఈ తరం వాళ్లు. దీనికి బోర్డు లేదు, అధ్యక్షురాలు లేదు, చందా అంటే మిక్చర్ పొట్లం. మేం పెట్టుకున్న నియమాలు రెండే. ఇక్కడ విన్నది ఏ స్టాఫ్‌రూంలోనూ అనకూడదు. పాతవాళ్లు 'మా రోజుల్లో' అని మొదలుపెడితే టీ ఉండదు. ఈ రెండో దాని వల్ల నేను చాలాసార్లు టీ పోగొట్టుకున్నాను.

ఈ పిల్లలు మాకంటే తెలివైనవాళ్లు. గడియారం పట్టుకోవడానికి ఎవరినీ పిలవరు. ఫోన్‌లో తమ గొంతు రికార్డు చేసుకుని వస్తారు. అందరం కూర్చుని ఐదు నిమిషాలు వింటాం. ఒకమ్మాయి క్వశ్చన్ పేపర్ తెస్తుంది, అందులో బట్టీపట్టి రాసేవి ఎన్ని, ఆలోచించి రాసేవి ఎన్ని అని వేరుచేస్తాం. అన్నీ ఫలిస్తాయని కాదు. రికార్డు విని నొచ్చుకుని మళ్లీ రానివాళ్లు ఇద్దరున్నారు. ఫలానా పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నేనే మెత్తగా చెప్పి ఉండాల్సింది అనిపిస్తుంది. గంటకింత జీతం సంగతి మాత్రం మా టీ కప్పులతో తీరేది కాదు. అది వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు.

పోయిన నెల మా పక్కవాటా అమ్మాయి తన రికార్డు మొదటిసారి వినిపించింది. బ్యాంకు రికన్సిలియేషన్ పాఠం. కుర్చీ చివర కూర్చుని చున్నీ కొస మెలిపెడుతోంది. పాఠం స్పష్టంగా చెప్పింది, ప్రశ్న అడిగింది. అడిగాక టేపు ఆగిపోయిందేమో అనుకున్నాం, అంత నిశ్శబ్దం. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. నాలుగు దాటాక దూరం నుంచి, సన్నగా, ఓ ఆడపిల్ల గొంతు వినబడింది. ఏమందో ఎవరికీ సరిగా వినబడలేదు.

'వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు!' అన్నాం అందరం ఒకేసారి.