అర్జీ నుండి తీర్మానము వరకు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నేడు మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములు. 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబునగరు జిల్లాను విభజించినపుడు ఈ జిల్లాలు ఏర్పడినవి. అంతకు డెబ్బది ఏండ్ల క్రిందట ఇచ్చటి పల్లెలలోని సామాన్య రైతుకు గాని, కూలికి గాని తన పాలకుని ఎన్నుకొను హక్కు లేదు. నేడు అదే పల్లెలలో వార్డు సభ్యులు తీర్మానపు పుస్తకమును ముందుంచుకొని కూర్చుండుచున్నారు. ఆ పుస్తకము ఏ దారిన ఇంతవరకు వచ్చినదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మంచిది.

నిజాము కాలమున ఈ సీమలో పరిపాలన ఒక అంతస్తుపై మరియొక అంతస్తుగా ఉండెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల సంస్థానము, కృష్ణకు ఉత్తరమున వనపర్తి, గోపాలపేట, కొల్లాపురము రాజధానిగా జటప్రోలు, ఆత్మకూరు రాజధానిగా అమరచింత సంస్థానములు గలవు. ఈ ప్రభువులు వంశపారంపర్యముగ ఏలుచు నిజామునకు పేష్కషు చెల్లించెడివారు. నిజాము ఆంగ్లేయుల సార్వభౌమత్వమునకు లోబడియుండెను. నాగర్‌కర్నూలు వైపున దివానీ గ్రామములు, అనగా నిజాము ఉద్యోగులు నేరుగ పాలించు గ్రామములు ఉండెడివి. వాని మధ్య జాగీరులును గలవు. గ్రామమున మాత్రము ఎచ్చటనైనను పటేలు, పట్వారీలే ప్రభుత్వము. ఆ పదవులును వంశపారంపర్యములే.

సంస్థానాధీశులందరు చెడ్డవారని చెప్పుట న్యాయము కాదు. పండితులను పోషించుటచే గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యని పేరు వచ్చినది. వనపర్తి ప్రభువులు చెరువులు త్రవ్వించిరి. కాని చెరువు కట్ట తెగినపుడు రైతు చేయగలిగినది ఒక్కటే: అర్జీ వ్రాయించుకొని కచేరీ వాకిట నిలువబడుట. ప్రభువు దయగలవాడైనచో కట్ట పడును, కానిచో పడదు. ఎందుకు పడలేదని అడుగుటకు ఆ రైతుకు అధికారము లేదు.

‘మన దేశమున ప్రజాస్వామ్యము వేయేండ్ల నాడే గలదు, గ్రామపెద్దలు కూర్చుండి తగవులు తీర్చలేదా?’ యని కొందరందురు. తమిళదేశమున ఉత్తరమేరూరు శాసనములు పదియవ శతాబ్దమున గ్రామసభ ఎట్లు జరిగినదో వివరించుచున్న మాట నిజమే. పేర్లు వ్రాసిన తాటాకు చీట్లను కుండలో వేసి, ఒక బాలునిచే తీయించి సభ్యులను ఏర్పరచెడివారు. అయితే ఆ కుండలో పేరు పడుటకు సొంత భూమి, సొంత ఇల్లు, వేదశాస్త్ర పరిచయము ఉండవలెను. స్త్రీ పేరు గాని, ఇతరుల పొలము దున్నువాని పేరు గాని ఆ కుండలోనికి పోలేదు. ఇంగ్లండులో సైతము 1832లో వోటు హక్కును విస్తరించినపుడు అది ఆస్తిపరులకే అందినది. పురుషులతో సమానముగ స్త్రీలకు వోటు లభించుటకు 1928 వరకు ఆగవలసివచ్చెను. సభ ఉన్నంత మాత్రమున చాలదు; ఎవరి పేరు కుండలో నున్నదో చూడవలెను.

మన సీమలో ఈ ప్రశ్నను మొట్టమొదట బిగ్గరగా అడిగినవారిలో గద్వాల సంస్థానపు బిడ్డ యొకరు గలరు. ఆయన సురవరము ప్రతాపరెడ్డిగారు. వారిది ఇటిక్యాలపాడు గ్రామము. 1926లో హైదరాబాదు నుండి ‘గోలకొండ పత్రిక’ను స్థాపించి, వారమునకు రెండు మారులు తెలుగువారి కష్టసుఖములను అచ్చువేయించిరి. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘమునకు అంకురార్పణ జరిగినది. ఆ ఉద్యమమే పెరిగి 1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభగా రూపొందినది. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారే. అప్పటికి బహిరంగసభ జరుపవలెనన్న ముందుగ ప్రభుత్వపు అనుమతి పొందవలెనను 53వ నంబరు గస్తీ అమలులోనుండెను. 1936లో అయిదవ మహాసభ షాద్‌నగరున కొండా వేంకటరంగారెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. షాద్‌నగరు అప్పుడు మహబూబునగరు జిల్లాలోనిది. ఈ పేరు మరల వచ్చును గనుక పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఈ మహాసభలు ప్రభుత్వమును కూలద్రోయలేదు, కోరినదంతయు సాధింపనూలేదు. కాని ఇవి ఒక కొత్త అలవాటును నేర్పినవి. ఒకరు ప్రతిపాదింపగా మరియొకరు బలపరచుట, వ్యతిరేకించువారు లేచి తమ కారణము చెప్పుట, చేతులెత్తగా లెక్కించుట, ఆపైన తీర్మానమని వ్రాయుట. వెట్టిచాకిరి పోవలెనని, తెలుగున బడులు వెలయవలెనని ఇట్లే తీర్మానములైనవి. అర్జీలో ‘ఏలినవారు దయచేసి’ యని యుండును. తీర్మానములో ‘ఈ సభ నిర్ణయించుచున్నది’ యని యుండును. ఈ రెండు వాక్యముల నడుమనున్న దూరమే మన ప్రజాస్వామ్య చరిత్ర యని నా యభిప్రాయము.

నిజాము ప్రభుత్వము 1939లో రాజకీయ సంస్కరణలను ప్రకటించినది. వాని ననుసరించి 1946లో 132 మంది సభ్యులతో శాసనసభ ఏర్పడినది. అందు ఎన్నికైనవారు 76 మంది. ఆ ఎన్నికయు ఊరిని బట్టి గాక జాగీర్దారులు, పట్టాదారులు, వర్తకులు, వకీళ్లు మొదలగు వర్గములను బట్టి జరిగెను. నూరుమంది కూలీల మాటకు ఒక జాగీర్దారు మాటతో సమానమైన తూకము లేకపోయెను. స్టేట్ కాంగ్రెసు ఆ ఎన్నికలను బహిష్కరించినది. మరుసటి యేడు భారతదేశము స్వతంత్రమైనను హైదరాబాదు సంస్థానము యూనియనులో చేరలేదు. 1947 అక్టోబరులో అమరచింత ప్రాంతమున అప్పంపల్లెలో కాల్పులు జరిగి గ్రామీణులు ప్రాణములు కోల్పోయిరి. 1948 సెప్టెంబరు 17న నిజాము పాలన ముగిసినది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనము వచ్చినది. సంస్థానములును దానితో అంతరించెను. గద్వాల కోటలో నేడు ప్రభుత్వ డిగ్రీ కళాశాల, వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ కళాశాల గలవు.

1952 ఎన్నికలు ఇచ్చటి పల్లెలకు మొదటి పరీక్ష. ఇరువదియొక్క సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకిని పురుషునికిని, చదువు అడుగక, భూమి అడుగక, వోటు లభించినది. చదువురాని వారి సౌకర్యార్థము ఒక్కొక్క అభ్యర్థికి గుర్తుతో వేరువేరు పెట్టెలుంచిరి. చీటీపై ముద్ర వేయనక్కరలేదు. తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో దానిని వేసిన చాలును. వనపర్తి నుండి ప్రతాపరెడ్డిగారు శాసనసభకు ఎన్నికైరి. షాద్‌నగరు నుండి గెలిచిన బూర్గుల రామకృష్ణారావుగారు హైదరాబాదు రాష్ట్రమునకు ఎన్నికైన ముఖ్యమంత్రి యైరి. 175 స్థానములలో కాంగ్రెసుకు 93, కమ్యూనిస్టులతో కూడిన ప్రజాస్వామిక కూటమి యగు పి.డి.ఎఫ్.నకు 42, సోషలిస్టు పార్టీకి 11 లభించినవి.

1957లో జరిగినది మరింత విచిత్రము. వనపర్తి సంస్థానపు రాజా రామేశ్వరరావుగారు మహబూబునగరు నుండి లోక్‌సభకు పోటీచేసి గెలిచిరి. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గము. షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించిన రెండవ స్థానమునకు రామస్వామిగారు ఎన్నికైరి. తండ్రితాతల కాలమున పేష్కషు వసూళ్లకు లెక్కలోని అంకెయైనవాడు ఇపుడు రాజు కోరవలసిన వోటరైనాడు. రాజు గెలువలేదా, ఇంక మారినదేమి యని అడుగవచ్చును. ఓడిపోవుటకు కూడ వీలుండెను, అదియే మారినది.

అయినను వోటు పెట్టె ఒక్కటే కడుపు నింపదు. ఈ సంగతి యూరపు దేశముల కార్మికులు మనకంటె ముందు గ్రహించిరి. ఇంగ్లండులో చార్టిస్టులు 1838 నుండి వోటు కొరకు పోరాడినది పనిగంటలు, కూలి, బడి అను వానిపై తమ మాట చెల్లవలెననియే. జర్మనీలోను, స్వీడనులోను సోషల్ డెమోక్రటిక్ పార్టీలు వోటు మార్గముననే వృద్ధులకు పింఛను, రోగులకు వైద్యము, కార్మికునకు రక్షణ సాధింపవలెనని యత్నించినవి. ఇదియే సాంఘిక ప్రజాస్వామ్యము. డాక్టరు అంబేడ్కరుగారు 1949 నవంబరులో రాజ్యాంగసభలో చేసిన హెచ్చరికయు దీనిని గూర్చియే: రాజకీయమున సమానత్వము వచ్చి, సంఘమున అసమానత్వము నిలిచినచో రాజకీయ సౌధమే కదలిపోవునని వారి భావము.

మన సీమలో ఆ రెండవ పని మందగతిని సాగినది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులను గుర్తించినది. 1973లో భూకమతముల గరిష్ఠ పరిమితి చట్టము వచ్చినది. పటేలు, పట్వారీ పదవులు 1984 వరకు పోలేదు. అనగా, గ్రామము సర్పంచిని ఎన్నుకొనుచు పాతికేండ్లు గడచినను భూమి లెక్క వంశపారంపర్యపు చేతిలోనే ఉండెను. సర్పంచి కుర్చీ కంటె పట్వారీ దస్త్రమునకే భయపడినవారు అనేకులు. వోటుతో అధికారము మారినను భయము అంత త్వరగా మారదు.

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము గ్రామము, సమితి, జిల్లా అను మూడంచెల వ్యవస్థను సూచించినది. 1959 అక్టోబరులో ప్రధాని నెహ్రూగారు ఆంధ్రప్రదేశమున పంచాయతీ రాజ్యమును ప్రారంభించినది ఆ షాద్‌నగరుననే. ఇరువది మూడేండ్ల క్రిందట మహాసభ తీర్మానములు చేసిన ఊరు అది. తరువాతి నడక సాఫీగా సాగినదనలేము. 1970 పిదప పంచాయతీ ఎన్నికలు 1981లో గాని జరుగలేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అయిదేండ్లకొకమారు ఎన్నికలను, స్త్రీలకు మూడవవంతు స్థానములను, గ్రామసభను రాజ్యాంగములో చేర్చినది. అయినను 2006 తరువాతి ఎన్నికలు 2013లో జరిగినవి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టముచే పెక్కు తండాలు తమవైన పంచాయతీలను పొందినవి. రెండు నెలలకొకమారు గ్రామసభ జరుపవలెననియు, సభకు కోరము ఉండవలెననియు ఆ చట్టము విధించినది.

ఇచ్చట పాలమూరు సీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి గలదు. ఈ ప్రాంతపు మట్టిపని కూలీలు దేశమున అనేక ఆనకట్టలకు, కాలువలకు తట్ట మోసినవారు. వానలు వెనుకబడిన యేట మేస్త్రీ వద్ద ముందుగ సొమ్ము తీసికొని భార్యాబిడ్డలతో బొంబాయి, పూనా వైపు తరలిపోవుట తరతరముల ఆచారమైనది. గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006లో మొదట అమలైన 200 జిల్లాలలో మహబూబునగరును చేర్చుటకు ఇట్టి పరిస్థితియే తగిన కారణము. పనుల జాబితాను గ్రామసభలో నిర్ణయింపవలెనని, ఖర్చును సభ ముందు చదివి వినిపింపవలెనని ఆ చట్టము పెట్టిన నియమము సామాన్యమైనది కాదు. కాని ఏ కుటుంబము కొరకు ఆ పని ఉద్దేశింపబడినదో ఆ కుటుంబము సభనాడు ఊరిలో లేనిచో ఆ నియమము ఎవరికి ఉపయోగము? నల్లమల చెంచు పెంటల సంగతియు నిట్టిదే. సభ రోడ్డు ప్రక్కనున్న పెద్ద ఊరిలో జరుగును. పెంట నుండి వచ్చి పోవుటకు ఒక దినపు కూలి పోవును.

కొన్నిచోట్ల జరుగు మరియొక పద్ధతి సభ్యులకు తెలియనిది కాదు. తీర్మానము ముందే ఒక ఇంట వ్రాయబడును. సాయంకాలము పుస్తకము వాకిలి వాకిలికి తిరుగును; అడిగిన చోట సంతకము, అడుగని చోట వేలిముద్ర పడును. చూచుటకు అది తీర్మానమే. అందు ‘ఈ సభ నిర్ణయించుచున్నది’ యను వాక్యమును ఉండును. కాని వేలిముద్ర వేసిన ముసలమ్మకు అందేమున్నదో తెలియదు. పింఛను కొరకు ఆమె మరల ఎవరి వాకిటనో నిలువబడును. తొంబదియేండ్ల క్రిందట జోగిపేటలో విడిచిన అర్జీ ఈ విధముగ ఇంటికి తిరిగివచ్చును.

దీనికి కొత్త చట్టము అక్కరలేదు. సభ తేదీని వలసపోయినవారు ఊరనుండు దినములలో, ఉగాదికిని తొలకరికిని నడుమ ఒకటియైన పడునట్లు చూడవచ్చును. పనుల జాబితాను ఆ సభకే అట్టిపెట్టవచ్చును. పెంటలో గాని, దళితవాడ చెట్టు నీడను గాని సభ జరుపుటకు అడ్డేమియు లేదు. తీర్మానమును వ్రాయుటకు ముందు చదువుట, వ్రాసిన పిదప మరల చదువుట, కాదన్నవారి పేరును కూడ పుస్తకమున ఎక్కించుట కార్యదర్శికి పావుగంట పని. చాటింపు వేయువాడు సభ గంటను మాత్రమే గాక, ఆనాడు ఏ చెరువు, ఏ బాట, ఎంత సొమ్ము చర్చకు వచ్చునో కూడ చెప్పినచో, కూలికి పోవలెనా సభకు రావలెనా యని ప్రతివారు తమ ఇంటనే నిర్ణయించుకొందురు.